వడ్డించు చేతి వెనుకనున్న మనస్సు

మనుష్యుడు ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పరుండువరకు తాను చేసిన పనులనన్నిటిని, అడిగినచో, వరుసగా చెప్పగలడు గాని, వానిలో ఒక్కొక్కదానిని ఎట్టి మనస్సుతో చేసితివని అడిగినచో బదులు తోచక తడబడును. పని కంటికి కనబడును, ఫలము చేతికి అందును. ఆ రెంటిని వెనుకనుండి నడపు భావము మాత్రము చేసినవానికి అగోచరమై, ఎదుటివానికి సుస్పష్టమై యుండును. విసుగుతో మాటాడినవాడు తాను విసుగుకొన్నట్లే ఎరుగడు. విన్నవాడు దానిని పదిదినములకును మరువడు. లోకములో మనస్తాపములు పెక్కు చేసిన పనులవలన గాక, చేసిన తీరువలననే పుట్టుచున్నవి. నిత్యకృత్యముల వెనుకనున్న ఈ భావమును ఎరుకతో చూచుకొనుట సన్న్యాసులకు విడిచిపెట్టదగిన సాధన కాదనియు, గరిటె పట్టిన ప్రతి చేతికిని, దస్త్రము విప్పిన ప్రతి ఉద్యోగికిని అది అన్నోదకములవలె ఆవశ్యకమనియు నా దృఢవిశ్వాసము.

ఈ విషయమును విచారించుటకు తెలుగువారికి వడ్డనకంటె సన్నిహితమైన తావు మరియొకటి లేదు. వండుట ఒక విద్య, తినుట ఒక అవసరము. ఆ రెంటి నడుమ నిలిచిన వడ్డన కేవలము సంస్కారమునకు సంబంధించినది. నేలపై చాపలు పరచి, విస్తళ్లు వేసి, బంతి తీర్చి కూర్చుండబెట్టు దినములలో వడ్డించువాడు ప్రతి విస్తరి ముందును నడుము వంచక తప్పెడిది కాదు. కూర్చున్నవాడు మోతుబరియైనను, దారిని పోవు బైరాగియైనను ఆ వంపులో భేదముండెడిది కాదు. ఉప్పు మొదలు పెరుగు వరకు ఏది ఎప్పుడు రావలెనో, ఏది విస్తరిలో ఏ మూల నుండవలెనో నిర్ణయించిన పెద్దలు, "మొగమాటపడకండి, ఇంకొక్క ముద్ద కలుపుకోండి" అని కొసరి వడ్డించుటను గూడ ఆ క్రమములో ఒక భాగముగనే పరిగణించిరి. ఆకలి తీర్చుట యొక్కటే ప్రయోజనమైనచో ఈ తంతంతయు ఏల? అన్నముతోపాటు ఆదరము గూడ విస్తరిలోనికి చేరవలెనను స్పృహయే దీనికి మూలము.

ఆ సంస్కారమునకు పట్టిన తెగులును గూడ మనవారు దాచుకొనలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదను సామెతను మనము నేడు ఉద్యోగముల విషయమునను, కాంట్రాక్టుల విషయమునను నవ్వుచు వాడుకొనుచున్నాము గాని, అందొక తీవ్రమైన అభియోగము గలదు. ఒకే బంతిలో, ఒకే గిన్నెలోని పదార్థము, ముఖమును బట్టి మారుచున్నదని అది చాటుచున్నది. కడపంక్తిలో మనవాడు లేని అభాగ్యుని మాట ఏమను ప్రశ్నను ఆ సామెత మనకే విడిచిపెట్టినది.

పెండ్లి బంతిలో ఒక ప్రక్క నిలిచి, వడ్డించువాని ముఖమును గాక చేతిని గమనించుడు. ఎరిగిన పెద్దమనిషి విస్తరి యొద్దకు వచ్చునప్పటికి ఆ చేయి నెమ్మదించును, గరిటె విస్తరిని తాకునంత క్రిందికి దిగి, కూరను ఒద్దికగా ఒక ప్రక్కకు జార్చి, "చాలునా?" అను ప్రశ్నకు బదులు వచ్చువరకు అక్కడనే నిలుచును. రెండు విస్తళ్లు దాటి, ఆ యింటి పాలేరో, ఎవరి తరపువాడో తెలియని కుఱ్ఱవాడో కూర్చున్న చోట అదే చేయి జానెడెత్తునుండియే గరిటెను బోర్లించును; కూర అన్నముపై పడినదో, మిఠాయిపై పడినదో చూడకయే చూపు తరువాతి విస్తరిపైకి పోవును. ఇరువురికిని వేసిన కూర ఒక్కటే, పరిమాణమును ఒక్కటే. భేదము చూపితివన్నచో వడ్డించినవాడు నిజముగనే ఆశ్చర్యపడి, లేదని ప్రమాణము చేయును; ఏలయన అతడు బుద్ధిపూర్వకముగ ఏ భేదమును చూపలేదు. చూపినది అతని చేయి. చూపించినది అతడెన్నడును తిరిగి చూడని అతని మనస్సు. ఆ విధముగ ఒకే గరిటెతో రెండు పదార్థములు వడ్డింపబడుచున్నవి: ఒకటి కూర, రెండవది భావము. మొదటిది జాములో అరిగిపోవును. రెండవది ఏండ్ల తరబడి లోపలనే నిలిచిపోవును.

ఈ రెండవ పదార్థమును గూర్చి మన పూర్వులు మిక్కిలి నిశితముగ ఆలోచించిరి. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, విద్య ముగించుకొని ఇల్లు చేరబోవు శిష్యునకు గురువు దానము చేయుమని చెప్పి యూరకుండక, ఇచ్చునప్పుడు మనస్సునందు ఉండవలసిన శ్రద్ధను, వినయమును, ఎరుకను గూడ ఒక్కొక్కటిగా ఎత్తి చెప్పును. భగవద్గీత పదునేడవ అధ్యాయము దానమును మూడు తెగలుగ విభజించి, ఆదరము లేక అవమానించుచు ఇచ్చినదానిని అధమమైన తామసదానములో చేర్చినది. కృష్ణాతీరమున అమరావతిలోను, నాగార్జునకొండలోను శతాబ్దముల తరబడి వర్ధిల్లిన బౌద్ధము మరియొక మెట్టు ముందునకు పోయి, కర్మమునకు సారము చేతనయే, అనగా పనిని ప్రేరేపించు సంకల్పమే యని బోధించినది. నడచునప్పుడు, చేయి చాచునప్పుడు, తినునప్పుడు ఎరుక గలిగియుండవలెనని చెప్పిన సతిపట్ఠాన బోధలోనే, కోపముతో కూడిన మనస్సును కోపముతో కూడిన మనస్సుగా గుర్తింపవలెనను ఉపదేశము గలదు. అచ్చట కోపమును తరిమివేయుమని గాని, దానికై సిగ్గుపడుమని గాని ముందుగా చెప్పలేదు; ఉన్నదానిని ఉన్నట్లు తెలిసికొనుటయే ప్రథమ సోపానముగ నిర్దేశింపబడినది.

ఇదంతయు కడుపు నిండినవారి విచారణ యనియు, ఆకలిగొన్నవానికి అన్నము కావలెను గాని పెట్టువాని మనఃస్థితితో పని లేదనియు ఒక ఆక్షేపణ రావచ్చును. అన్నము ముందు, ఆదరము తరువాత అనుమాట నిజమే. కాని భావము భావముగనే మిగిలిపోవునని, అన్నము కొలతపై దాని పెత్తనమేమియు ఉండదని తలచుట గొప్ప పొరపాటు. మన నేలపై జరిగిన చరిత్రయే దీనికి సాక్ష్యము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని, విశేషించి బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములను దహించిన కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనెడివారు. 1877 ఆరంభమున భారత ప్రభుత్వము సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని పరిశీలనకై పంపినది. ఈయన మూడేండ్లకు ముందు బీహారు కరవులో బర్మానుండి బియ్యము విరివిగా తెప్పించి, ప్రాణనష్టము మిక్కిలి స్వల్పముగనుండునట్లు చూచినవాడు. ఆ మేలు పనికి ఆయనకు దక్కినది దుబారా చేసితివను నింద. ఆ నింద మోసికొని మద్రాసునకు వచ్చిన టెంపుల్, రాళ్లు కొట్టు పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై స్వల్పమైన పైకము చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి కార్నిష్ ఆ తిండితో కష్టము చేయువాడు బ్రతుకజాలడని గట్టిగా వాదించెను. కొలది నెలల తరువాత కూలిని పెంచిరి గాని, అప్పటికే జరుగవలసిన ప్రాణనష్టము జరుగుచుండెను.

ఒకే మనుష్యుడు, ఒకే అధికారము, ఒకే విధమైన విపత్తు. బీహారులో ఆ చేయి విచ్చుకొన్నది, రాయలసీమలో అదే చేయి ముడుచుకొన్నది. నడుమ మారినది ఆయన మనస్సునందలి భయము. పైవారేమందురో అను భయము, వచ్చినవాడు నిజముగ ఆకలితో వచ్చినాడో మోసగించుటకు వచ్చినాడో అను అనుమానము, ఈ రెండును కలిసి ధాన్యపు కొలతగా మారినవి. కనుక భావమును గూర్చిన విచారణ కడుపు నిండినవారి విలాసము కాదు; ఆకలిగొన్నవాని విస్తరిలో ఎంత పడవలెనో నిర్ణయించునది తుదకు ఆ భావమే.

ఆ కరవునాటికే గోదావరి లంకలలో ఒక యిల్లాలు ఇందుకు పూర్తిగా భిన్నమైన మనస్సుతో వడ్డించుచుండెను. 1841లో జన్మించి 1909లో దివంగతురాలైన డొక్కా సీతమ్మగారు మహారాణి గాదు, మఠాధిపతి గాదు. లంకల గన్నవరమున ఒక రైతు గృహస్థుని ఇల్లాలు. పాయలుగా చీలిన గోదావరిని పడవలపై దాటి, అలసి, వేళకాని వేళ గడప త్రొక్కిన బాటసారికి కులమడుగక, ఊరడుగక, ముందు విస్తరి వేయుట ఆమె జీవితవ్రతము. అన్నమునకు వచ్చినవానిని పరీక్షింపక పోవుటయే ఆమె గొప్పతనమని నా తలంపు. టెంపుల్ అడిగిన ప్రశ్న "వీడు అర్హుడా?" యనునది; సీతమ్మగారు అడిగిన ప్రశ్న "మీరు భోజనం చేసి ఎంతసేపైంది?" యనునట్టిది. మొదటి ప్రశ్న ఎదుటివానిని నిందితుని చేసి నిలబెట్టును, రెండవది అతిథిని చేసి కూర్చుండబెట్టును. వైనతేయ పాయపైనున్న అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుకొన్నాము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకును నేడు ఆమె పేరే పెట్టుకొన్నాము. పేరు పెట్టుకొన్నవారికి ఆ పేరు వెనుకనున్న మనస్సును గూర్చి విచారించు బాధ్యత గూడ ఉన్నది.

బడిలో వండిన వేడి భోజనము నేడు పిల్లవాని హక్కు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన ఉత్తర్వు తరువాత అది దేశమంతటను నెలకొన్నది. బియ్యమెంత, పప్పెంత, గుడ్డు ఏ వారములో, ఇవన్నియు కాగితముపై ఉన్నవి, ఉండవలసినదే. కాని పళ్లెము చేతబట్టుకొని వరుసలో రెండవమారు నిలిచిన ఎనిమిదేండ్ల పిల్లవానిని చూచి, వడ్డించునామె "ఇంకా కావాలా?" అని అడిగెననుకొనుడు. ఆ మాటను, గరిటెను అప్పటికే పప్పులో ముంచుచు అడిగినచో వాడు తల యూపి, తోడివానివంక చూచి నవ్వి, తృప్తిగా తిని పోవును. ఆ మాటనే గరిటెను గిన్నె అంచుకు ఆనించి, కనుబొమలెత్తి, వెనుక నిలిచిన పదుగురు వినునట్లు అడిగినచో, వాడు "వద్దు" అని తొలగిపోవును. మరునాడు ఆకలి ఉన్నను రెండవమారు వరుసలో నిలువడు. పప్పు ఖర్చు లెక్కలో ఈ రెండు దినములకును భేదము కానరాదు. పిల్లవాని లెక్కలో మాత్రము జన్మకు సరిపడు పాఠ మొకటి చేరినది: తాను ఇచ్చట అతిథియా, బరువా యనునది వానికి తెలిసిపోయినది.

ఈ మాట చదివినంతనే ఆ వంటమ్మలను పిలిచి, చిరునవ్వుతో వడ్డింపవలెనని ఉత్తర్వు చేయుటకు సిద్ధపడువారు కొందరుందురు. ఇది విషయమును తలక్రిందు చేయుట. ఎదుటివాని భావమును ఆజ్ఞతో సరిదిద్దబూనుట ఎంత హింసకు దారి తీయునో గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో దాపరికము లేక వ్రాసియున్నాడు. అది 1898 ప్రాంతపు మాట. దక్షిణాఫ్రికాలో డర్బను నగరమున ఆయన గృహము. గుమాస్తాలు కొందరు ఆ యింటనే ఉండెడివారు. గదులలోని మూత్రపాత్రలను దంపతులే శుభ్రము చేసెడివారు. పంచముల కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన ఒక గుమాస్తా క్రొత్తగా వచ్చెను. అతని పాత్రను తాకుట కస్తూరిబాకు దుస్సహమయ్యెను. భర్త తాకుటయు ఆమెకు సమ్మతము గాదు. తుదకు ఏడ్చుచునే ఆ పాత్రను పట్టుకొని మెట్లు దిగినది. పని జరిగినది, కాని గాంధీకి అది చాలలేదు. సంతోషముతో చేయవలెనని గద్దించెను. మాటకు మాట పెరిగినది. ఆయన ఆమె చేయి పట్టి గుమ్మము వరకు ఈడ్చుకొనిపోయి, తలుపు తెరచి వెలుపలికి గెంటబోయెను. ఈ పరాయి దేశమున నేనెచ్చటికి పోవుదును, ఎవరైన చూచిన ఏమగునని ఆమె కన్నీళ్లతో మందలించినప్పుడు గాని ఆయనకు సిగ్గు కలుగలేదు.

ఈ ఘట్టమును ఎన్నిమార్లు చదివినను నాకు క్రొత్తగనే తోచును. కస్తూరిబా మనస్సునందు కులభేదము ఉండెను, అది పోవలసినదే; అందు సందేహము లేదు. కాని అంటరానితనమును రూపుమాపు పవిత్రకార్యము పేరిట ఆ క్షణమున గాంధీ హృదయమును ఏలుచున్నది ప్రేమ గాదు, పెత్తనము. ఆమె కన్నీటిలోని తప్పు ఆయనకు స్పష్టముగ కనబడినది. తన కంఠములోని క్రౌర్యము కనబడలేదు. సదుద్దేశము గలవానికే ఈ ప్రమాదము మిక్కుటము. ఉద్దేశము మంచిదను ధీమా కన్నులను కప్పివేయును. తాను ధర్మపక్షమున నున్నాననుకొన్నవాడు తన చేయి ఎవరి మణికట్టుపై బిగిసియున్నదో చూచుకొనడు. కావున ఈ విద్యలో మొదటి నియమము స్థిరము: భావపరీక్ష తనకు గాని పరులకు గాదు. దీపమును తనవైపునకే త్రిప్పుకొనవలెను.

అట్లైన తన్ను తాను చూచుకొనుట ఎట్లు? ఇది గంటల తరబడి కన్నులు మూసికొని కూర్చుండుటతో సాధ్యమగునది గాదు, పని నడుమనే జరుగవలసినది. మదనపల్లెలో 1895లో జన్మించి లోకమంతట తిరిగి బోధించిన జిడ్డు కృష్ణమూర్తి, తప్పొప్పుల తీర్పు చెప్పక, మార్చుకొనవలెనను ఆత్రము లేక, మనస్సును ఉన్నదున్నట్లు చూచుటయే మార్పునకు దారి యని జీవితాంతము పట్టుబట్టెను. నిత్యజీవనములో దీనికి తగిన సాధనము మన శరీరమే. మనస్సు దాచినదానిని శరీరము దాచజాలదు. గరిటె ఎంత ఎత్తునుండి వంగుచున్నది, గిన్నె నేలపై పెట్టునప్పుడు ఎంత చప్పుడగుచున్నది, తలుపు ఎట్లు మూసితిమి, అర్జీ పుచ్చుకొన్న చేయి దానిని బల్లపై పెట్టినదా విసరినదా, ఎదుటివాడు మాటాడుచుండగా మన చూపు సెల్‌ఫోనుపై ఉన్నదా వాని ముఖముపై ఉన్నదా, ఇవి చాలును. ఇట్టి యొక్క గురుతును పట్టుకొని, ఓహో, నేను విసుగుతో ఉన్నాను అని లోలోపల గుర్తించినంతనే విసుగు పట్టు సడలుట ఎవరైన అనుభవమున తెలిసికొనవచ్చును. సడలనిచో సడలకుండుగాక; విసుగుతో ఉన్నానని తెలిసినవాడు, తెలియనివానికంటె జాగ్రత్తగా గరిటెను దింపును. అబద్ధపు చిరునవ్వుతో ఇక్కడ పని లేదు. ప్రసన్నత రానినాడు కనీసము మర్యాద తప్పకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

విసుగు ఎచ్చటినుండి వచ్చినదో చూచుట రెండవ మెట్టు. పెక్కు పర్యాయములు అది ఎదుట నిలిచినవానివలన కలిగినది గాదు. ఉదయము ఇంటిలో జరిగిన మాట, పై అధికారి పెట్టిన చీవాట్లు, నెలాఖరు అప్పు, ఇవి కాని తావున దిగుచున్నవి. పింఛను కాగితము పట్టుకొని వచ్చిన ముసలమ్మకు, తనకేమియు సంబంధము లేని కోపము తగులుచున్నది. ఇది చూచినంతనే మరియొకటియు తెలియవచ్చును: వడ్డించువానికి గూడ ఎవరో ఒకరు వడ్డించుచున్నారు. కొలది గౌరవవేతనముపై, బిల్లుల బకాయి మోయుచు, పొగలో నిలిచి నూరుమంది పిల్లలకు వండు స్త్రీనుండి అమ్మ మనస్సును కోరు సమాజము, ఆమెకు తాను ఎట్టి మనస్సుతో వడ్డించుచున్నదో చూచుకొనవలదా? ఆమె కూలిని సకాలములో ఇచ్చుట, ఊరిపెద్ద బడికి వచ్చినప్పుడు ఆమెను ఏమే అనక అమ్మా అని పిలుచుట, ఆమె వండిన అన్నమును ఉపాధ్యాయులు పిల్లలతోపాటు కూర్చుండి తినుట, ఇవి ఉత్తర్వుల చిరునవ్వులకంటె వేయిరెట్లు పనిచేయును.

కోరవలసినది అలవిగానిదేమియు కాదు. ఏదో ఒకటి ఇచ్చు స్థానములో ప్రతివాడును దినమునకు పలుమార్లు నిలుచుచునే యున్నాడు; అన్నమో, ఔషధమో, సర్టిఫికెట్టో, పాఠమో, కేవలము ఒక సమాధానమో. ఆ యిచ్చు క్షణమున, ఎదుటివానిని నేను ఎవరిగా ఎంచుచున్నాను అను ప్రశ్నను ఒక్కమారు తనకు తాను వేసికొనుట నేర్చినచో చాలును. ఆ ప్రశ్నకు బదులు తరచుగా మనకు నచ్చదు, ఐనను వేయక మానరాదు. చట్టములు విస్తరిలో అన్నము పడునట్లు చూడగలవు. ఆ అన్నమును తినువాడు తల యెత్తుకొని తినునట్లు చూచుట వడ్డించువారి పని. ఆ పనిని ఏ ప్రభుత్వమును మన పక్షమున చేసిపెట్టజాలదు.